సీసం జాడ చెప్పే పట్టీ: పటమటలో మా కుళాయి నీటికి బయోసెన్సర్ పరీక్ష

విజయవాడ పటమటలో మేముండే అపార్ట్‌మెంటుకు కార్పొరేషన్ నీరు తెల్లవారుజామున సంపులోకి వస్తుంది. అది చాలని రోజుల్లో సెల్లారులోని బోరు నీటిని పైట్యాంకుకు ఎక్కిస్తారు. మనవరాలికి అన్నప్రాసన అయ్యి, జావ కాయడం మొదలుపెట్టినప్పటి నుంచి ఆ నీటి గురించి నాకు బెంగ పట్టుకుంది. 2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయినప్పుడు, కొందరి రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది. ఆ అస్వస్థతకు మూలమేమిటన్న చర్చలో తర్వాత పురుగుమందుల మాట కూడా వచ్చింది గానీ, నీళ్లలో సీసం అన్న మాట మాత్రం నా మనసులో అలాగే నిలిచిపోయింది. అందుకే ఇంటికే వచ్చి, డీఎన్ఏ వంటి జీవ పదార్థంతో లోహాలను పసిగట్టే బయోసెన్సర్ పట్టీలతో నీటిని పరీక్షించే సేవ ఒకటి నగరంలో ఉందని తెలిసి, నాలుగు నమూనాలకు నమూనాకు 450 రూపాయల చొప్పున చెల్లించి పిలిపించాను.

ఆర్వో యంత్రాలు అమ్మేవారు ఇళ్లకు తెచ్చి చూపించే, నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని చెప్పే టీడీఎస్ మీటరుతో ఈ పని జరగదు. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరు నీటిలో సీసం 0.01 మిల్లీగ్రాము, అంటే 10 మైక్రోగ్రాములు మించరాదు. టీడీఎస్ మీటరులో కనిపించే అతి చిన్న అంకె లీటరుకు 1 మిల్లీగ్రాము. ప్రమాణానికి ఐదింతలు సీసమున్నా ఆ అంకెలో చలనం ఉండదు. మరగబెట్టినా లోహం పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన దానిలో చిక్కబడుతుంది.

ఈ పట్టీలో పని చేసేది ఒక డీఎన్ఏ ముక్క. ప్రొటీన్లలాగే డీఎన్ఏ కూడా ఎంజైములా పని చేయగలదని, సీసం అయాన్ల (విద్యుదావేశమున్న సీసం పరమాణువుల) సాయంతో ఒక పోగును కత్తిరించగలదని శాస్త్రవేత్తలు రోనాల్డ్ బ్రేకర్, జెరాల్డ్ జాయిస్ 1994లో చూపించారు. 2000లో రసాయన శాస్త్రవేత్త యీ లూ బృందం అటువంటి డీఎన్ఏతోనే సీసాన్ని పసిగట్టే సెన్సర్‌ను తయారు చేసింది. నీటిలో సీసం అయాన్లు ఉంటే ఎంజైము పోగు తన జంట పోగును తెగ్గొడుతుంది. తెగిన ముక్కకు అంటించి ఉన్న రంగు పదార్థం అప్పటివరకు అణిగి ఉన్న వెలుగును బయటపెడుతుంది. చేతిలో ఇమిడే యంత్రం ఆ వెలుగును కొలిచి అంకెగా చూపిస్తుంది. పాదరసపు పట్టీ తీరు వేరు. అందులో డీఎన్ఏలోని రెండు థైమిన్ల (డీఎన్ఏ అక్షరాల్లో ఒకటి) మధ్య పాదరసం అయాన్ వంతెనలా ఇమిడి పోగును మడతపెడుతుంది. ఫలానా లోహానికే స్పందించే గుణాన్ని అణువులోనే అమర్చడం ఈ విద్యలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచింది.

వారు మొదటిసారి వచ్చింది మే నెల మిట్టమధ్యాహ్నం. సంస్థ పంపిన అమ్మాయి స్కూటరు డిక్కీలోంచి పట్టీల సంచి తీసి, ముందుగా శుద్ధజలం చుక్క వేసి చూసింది. సున్నా రావలసిన చోట 6 వచ్చింది. రెండో పట్టీలోనూ దాదాపు అంతే. "మాస్టారూ, పట్టీలు ఎండకు పాడయ్యాయండీ, వీటితో మీ నీళ్లు చూస్తే లేని సీసం చూపిస్తాయి" అని చెప్పి యంత్రం ఆపేసింది. కోత పడవలసిన చోట పోగులో డీఎన్ఏను పోలిన ఆర్ఎన్ఏ భాగం ఒకే ఒక్కటి ఉంటుందని, వేడికి, తేమకు అది సీసం లేకుండానే తెగిపోగలదని వివరించింది కూడా. బెజవాడ వేసవిలో సరుకును అలా డిక్కీలో పెట్టి పంపడం సంస్థ చేసిన పెద్ద పొరపాటు. అయినా శుద్ధజలంతో సరిచూసుకోకుండా ఏదో ఒక అంకె రాసివ్వకపోవడం నాకు నమ్మకం కలిగించింది. రెండోసారి రావడానికి వేరే రుసుము తీసుకోలేదు.

వారం తర్వాత ఉదయం ఆరు గంటలకు వచ్చింది. రాత్రి పది తర్వాత వంటింటి కుళాయి తిప్పవద్దని ముందే చెప్పి ఉంచింది. గొట్టంలో రాత్రంతా నిలిచిన నీటి మొదటి ధారను ఒక సీసాలో, రెండు నిమిషాలు వదిలేశాక వచ్చిన నీటిని మరో సీసాలో, సంపు నీటిని, బోరు నీటిని విడివిడిగా పట్టింది. మా బోరు నీరు చాలా కఠినం కనుక కాల్షియం అడ్డు రాకుండా ప్రతి నమూనాకు ఒక ద్రావణం కలిపింది. వాహనాల మరమ్మతు షెడ్లుండే ఆటోనగర్‌కు దగ్గరగా ఉంటాం కాబట్టి నా అనుమానమంతా బోరు మీదే ఉండేది. బోరులోనూ సంపులోనూ పట్టీకి ఏమీ చిక్కలేదు. కుళాయి మొదటి ధారలో లీటరుకు 17 మైక్రోగ్రాముల సీసం వచ్చింది. రెండు నిమిషాల తర్వాతి నీటిలో అది 3కు పడిపోయింది. ఆరు నెలల క్రితం చవకగా దొరికిందని నేనే బిగింపించిన ఇత్తడి కుళాయి దగ్గరే సీసం ఉందన్నమాట. పాదరసం ఏ నమూనాలోనూ కనిపించలేదు.

అదే మొదటి ధారలోంచి పట్టిన మరో సీసాను నైట్రిక్ ఆమ్లం కలిపి, లోహాలను అతి సూక్ష్మ మోతాదుల్లోనూ కొలిచే ఐసీపీ-ఎంఎస్ యంత్రం ఉన్న ప్రయోగశాలకు పంపాను. అక్కడ 21 వచ్చింది. పట్టీ నీటిలో కరిగి అయానుగా ఉన్న సీసాన్నే చూస్తుంది. ఆమ్లం కలిపితే కుళాయిలోంచి రాలిన సూక్ష్మ రేణువుల్లోని సీసం కూడా కరిగి లెక్కలోకి వస్తుంది. పట్టీ అంకె 10 లోపే ఉన్నా దానికి దగ్గరగా ఉంటే ప్రయోగశాలకు వెళ్లక తప్పదన్నది నా అభిప్రాయం. అయితే ప్రయోగశాలకు మామూలుగా పంపే ఒక్క సీసా నీరు ఏ కుళాయిలో, ఏ వేళ సీసం వస్తోందో చెప్పలేదు. ఒకే పూట నాలుగు చోట్ల చూసి తప్పు ఎక్కడుందో చూపించింది ఈ సేవే, నేనిచ్చిన డబ్బుకు ఫలితం అదే.

నివేదిక విషయంలో మాత్రం నాకు గట్టి అభ్యంతరం ఉంది. బోరు నీటి వరుసలో "సీసం లేదు" అని రాశారు. ఈ పట్టీ లీటరుకు 2 మైక్రోగ్రాముల కన్నా తక్కువను గుర్తించలేదు కాబట్టి "2 కన్నా తక్కువ" అని రాయాలి. పట్టుబట్టి సరిచేయించుకున్నాను. కరపత్రం మీద "భార లోహాల పరీక్ష" అని పెద్ద అక్షరాలతో ఉంది, తీరా చూస్తే పరీక్షించేది సీసం, పాదరసం రెండింటినే. ఆర్సెనిక్, కాడ్మియం, క్రోమియం, నికెల్ ఇందులో లేవు. పసిబిడ్డలున్న ఇంటివారు ఆ మాట నమ్మి అన్ని లోహాల నుంచీ నిశ్చింతగా ఉంటే అది ప్రమాదం. ఆ రెండు పేర్లే స్పష్టంగా అచ్చు వేయడం వారి బాధ్యత.

కుళాయి మార్చి స్టెయిన్‌లెస్ స్టీలుది పెట్టించాను. పది రోజుల తర్వాత మొదటి ధారను మళ్లీ చూపిస్తే 2 కన్నా తక్కువ వచ్చింది. అయినా ఉదయం పట్టిన మొదటి బిందె నీటిని మా కోడలు మొక్కలకే పోస్తోంది. మా అపార్ట్‌మెంటులో మరో పదకొండు ఇళ్లవారు పరీక్షకు పేర్లు ఇచ్చారు. ఈసారి పట్టీలను ఐసు పెట్టెలో తెమ్మని, ప్రతి ఇంట్లోనూ శుద్ధజలం చుక్కను ఇంటివారి కళ్ల ముందే వేసి చూపించమని, నివేదికలో గుర్తింపు పరిమితిని తెలుగులో రాయమని ముందే చెప్పి ఒప్పించాను.