నాయన పేరు మీద యూనిఫారాల కుట్టుకూలి: ఏళ్లు గడిచాక నా మాట

మా నాయన కడపలో టైలర్. బీకేఎం వీధి వెనక సందులో చిన్న అంగడి, వచ్చే పనిలో సగం బడిపిల్లల యూనిఫారాలే. ఆయన పోయాక ఆయన పేరు మీద పిల్లలకు ఏదైనా చేయాలని ఇంట్లో అందరం అనుకున్నాం. ఈ ఆరేడేళ్లలో మూడు రకాలుగా చేసి చూశాం: వర్ధంతికి భోజనాలు, ఒక పిల్లల హోమ్‌లో శాశ్వత నిధి, సర్కారు బడి పిల్లలకు కుట్టుకూలి. నిలబడింది మూడోదే.

భోజనాలు పెట్టడం అన్నిటికంటే సులువు. హోమ్‌కు ఫోన్ చేసి తేదీ చెప్తే చాలు. బడిలోనే పెట్టాలంటే పీఎం పోషణ్ (కేంద్రం మధ్యాహ్న భోజన పథకం) కింద దాతలు పెట్టే ‘తిథి భోజనం’ అనే వీలు కూడా ఉంది. అయితే బడిలో మధ్యాహ్న భోజనం ఎట్లాగూ ఉండనే ఉంది. 2024 నుంచి డొక్కా సీతమ్మ గారి పేరుతో నడుస్తోంది. గుడ్డు, చిక్కీ, రాగిజావ అన్నీ ఇస్తారు. దాని మీద మా పులిహోర, లడ్డూ ఒక పూట సంబరం, అంతే. హోమ్‌లలో ఇంకో తంటా: పండగ రోజున, నాయకుల పుట్టినరోజున ఒకే పూటకు ఇద్దరు ముగ్గురు దాతలు క్యూ కడతారు, మామూలు మంగళవారం నాడు ఒక్కరూ కనపడరు.

శాశ్వత నిధి వినడానికి బాగుంటుంది. ఒకసారి కడితే ఏటా వడ్డీతో నాయన పేరున ఖర్చు పెడతారని. వడ్డీ రేటు తగ్గుతుంది, బియ్యం ధర పెరుగుతుంది, ఆ లెక్క ఎవరూ ముందు చెప్పరు. 80జీ కింద పన్ను తగ్గింపు వస్తుందన్నారు. దానికి సంస్థ 10బీఈ అనే విరాళం సర్టిఫికెట్ ఇవ్వాలన్నారు. మాకు అది రావడానికి ఎన్ని ఫోన్లు చేశామో! (నగదు 2,000 దాటితే, లేదా మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే ఆ మినహాయింపే లేదు. బట్టలు, బియ్యం లాంటి వస్తువులకూ రాదు.) నాకు అన్నిటికంటే కష్టమనిపించింది ఫోటో. పిల్లల చేత నాయన ఫ్లెక్సీ పట్టించి, వరసగా నిలబెట్టి, వాట్సాప్‌లో పంపారు. సంరక్షణలో ఉన్న పిల్లల ఫోటోలు, వివరాలు బయటపెట్టకూడదని 2015 బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ ఊరికే పెట్టలేదు కదా. పైగా మా నాయన బతికుండగా పెళ్లిళ్లలో కూడా ఫోటోకు నిలబడేవాడు కాదు.

ఇక కుట్టుకూలి. సర్కారు బడిలో కిట్‌తో పాటు యూనిఫారం బట్ట వస్తుంది. కుట్టించుకోవడానికి ఇచ్చే డబ్బు బజారు రేటుకు ఏ మూలకూ చాలదు. ప్యాంటు, చొక్కా జతకు నాలుగైదు వందలు అడుగుతున్నారు. ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే ఆ బట్ట పెట్టెలోనే ఉండిపోతుంది, పిల్లలు పోయినేడాది చొక్కాకే పిన్నీసు పెట్టుకుని వస్తారు. మేం ఆ కూలి కడతాం. కుట్టేది నాయన దగ్గర కాజాలు తీయడంతో మొదలుపెట్టి పని నేర్చుకున్న భాయ్. ప్యాంటు కింద రెండంగుళాలు లోపలికి మడిచి పెద్ద కుట్టు వేస్తాడు, నడుము వెనక కూడా గుడ్డ వదులుతాడు. సంక్రాంతి నాటికి పిల్లాడు పొడుగైతే వాళ్లమ్మే బ్లేడుతో ఆ కుట్టు విప్పుకోవచ్చు. రెడీమేడ్‌లో ఆ మడత అరంగుళం కూడా ఉండదు. నాయన పద్ధతి ఇదే, ఒక్క బట్ట ముక్క కూడా పారేసేవాడు కాదు.

‘బీద పిల్లల’ను ఏరి, ప్రార్థన దగ్గర పేర్లు పిలిచి ఇవ్వడం మాకు నచ్చలేదు. హైస్కూల్లో ఆరో తరగతి మొత్తానికి కుట్టిస్తున్నాం. ప్రైమరీ నుంచి కొత్తగా వచ్చేవాళ్లు వాళ్లే. ఎవరి ఇంట్లో ఏముందో ఎవరికీ తెలియాల్సిన పని లేదు.

లోపాలూ ఉన్నాయి. మేం ఏ ట్రస్టూ కాదు కాబట్టి పన్ను తగ్గింపు మాట మర్చిపోవాల్సిందే. బట్ట ఆలస్యంగా వస్తే భాయ్ మీద ఒకేసారి పడుతుంది, ఆ టెన్షన్ మనదే. నాయన పేరు ఎక్కడా కనపడదు. మా మేనత్త ఏటా అడుగుతుంది, “మీ నాయన పేరు ఒక బోర్డు మీదన్నా రాయించకూడదంట్రా?” అని. హెడ్మాస్టరు గారూ అడిగారు. వద్దన్నాం.

ఇంత తిరిగే తీరిక లేనివాళ్లకు ఏదైనా సంస్థకు నెలనెలా కొంచెం పంపడమే మేలు అంటాను. మా పక్క అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ అనే సేవాసంస్థ) అంత ఎదిగిందంటే, స్పెయిన్‌లో మామూలు మనుషులు పిల్లల పేరున క్రమం తప్పకుండా పంపిన చిన్న మొత్తాలది అందులో పెద్ద చెయ్యి. వర్ధంతి నాటి పెద్ద చెక్కు కంటే అదే నయం.

కుట్టుకూలే చేయాలనుకుంటే టైలర్‌తో పెళ్లిళ్ల సీజన్‌కు ముందే మాట్లాడి అడ్వాన్స్ ఇచ్చేయండి. కొలతలు మాత్రం బడి తెరిచాకే తీయించండి. వేసవి సెలవుల్లో పిల్లలు ఎంత పెరుగుతారో ఏప్రిల్ కొలతలతో కుట్టిస్తే తెలుస్తుంది. ఆడపిల్లల కొలతలకు ఆడ టైలర్‌ను పిలవండి, మా భాయ్ వాళ్ల ఆవిడను పంపుతాడు. కూలి జత లెక్కన కట్టండి, మొత్తం గుత్తకు ఇస్తే మడత మిగలదు.