రిసెప్షన్‌కి పెళ్లికూతురు హీల్స్ వేయాలా, జుత్తీలా?

పీటల మీద ఎలాగూ వట్టి కాళ్లే. చెప్పుల టెన్షన్ అంతా రిసెప్షన్‌కే. (జుత్తీలంటే మడమ ఎత్తు లేని, ముందు మూసి ఉండే ఉత్తరాది తోలు చెప్పులు.)

ఖర్చు: రెండూ అన్ని ధరల్లో దొరుకుతాయి.

ఎత్తు: హీల్స్‌తో లెహంగా అంచు నేలకి రాసుకోదు. జుత్తీలతో రాసుకుంటుంది.

నొప్పి: హీల్స్‌లో బరువు ఎక్కువగా పాదం ముందు భాగం మీదే. కొత్త జుత్తీ మడమ దగ్గర కరుస్తుంది. వారం ముందు నుంచే సాక్సులతో ఇంట్లో తొడుక్కుని తిరిగితే తోలు సాగుతుంది. పైగా ముందు భాగం మూసి ఉంటే కొత్త మెట్టెలు ఒత్తుకుంటాయి. ఇది కొనేటప్పుడు ఎవరికీ గుర్తుకురాదు!

రిస్క్: పచ్చికలో సన్న హీల్ దిగబడుతుంది. మా అక్కని స్టేజీ దాకా ఇద్దరం పట్టుకుని నడిపించాం.

ఏసీ హాలు, లెహంగా అయితే వేళ్లు బయటికి కనిపించే, మడమ మందంగా ఉండే బ్లాక్ హీల్స్. లాన్, పట్టుచీర అయితే జుత్తీలే. ఏదైనా సరే, చెప్పులు వేసుకున్నాకే కుచ్చిళ్లు పెట్టించుకోండి.