మంగళగిరి, పెడన, పోచంపల్లి, పొందూరు: విదేశంలో చిన్న బట్టల బ్రాండ్ పెట్టేవారికి ఏది మేలు?

డల్లాస్‌లోనో, లండన్‌లోనో, మెల్‌బోర్న్‌లోనో ఉంటూ మన చేనేతతో ఓ చిన్న కలెక్షన్ చేయాలనుకునే తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. ఓ వంద కుర్తాలు, కొన్ని డ్రెస్సులు, కొన్ని స్టోల్స్. ప్లాస్టిక్ దారం కలవని బట్ట కావాలి, నేసినవాళ్ళకి సరైన కూలి దక్కాలి, రంగు నీళ్ళు కాలువని పాడుచేయకూడదు. కోరిక చాలా మంచిది. అయితే ఎక్కువమంది ముందు ఫోన్లో డిజైన్ ఎంచుకుని, తర్వాత దాన్ని చేసిపెట్టే ఊరు వెతుకుతారు. నా సలహా దీనికి తలకిందులు. ముందు ఊరు ఎంచుకోండి. అక్కడి మగ్గం ఏం ఇస్తుందో, ఎప్పుడు ఇస్తుందో తెలుసుకోండి. డిజైన్ ఆ తర్వాత. ఈ నాలుగు ఊళ్ళ బట్టనీ పక్కపక్కన పెట్టి చూస్తే అలా ఎందుకు అంటున్నానో అర్థమవుతుంది.

అంతకంటే ముందు పడుగు సంగతి చెప్పాలి. మగ్గం దగ్గర లెక్కలన్నీ దానితోనే మొదలవుతాయి. నిలువు దారాలన్నీ కలిపి పడుగు, అడ్డంగా నాడెతో వేసేది పేక. పడుగు తయారుచేసి, గంజి పెట్టి, ఒక్కో పోగూ అతికి మగ్గానికి ఎక్కించాక అది అయిపోయేదాకా దాని రంగు మారదు. 40 మీటర్ల పడుగు అనుకుందాం. కుర్తాకి రెండున్నర మీటర్ల చొప్పున పదహారు రావాలి. ఉతికితే కుదించుకుపోయేది, కత్తిరింపులో పోయేది, అక్కడక్కడ నేతలో దొర్లే లోపాలు తీసేస్తే పద్నాలుగు వస్తాయి. అంటే ఒక పడుగు రంగుకి మీ కనీస ఆర్డర్ అంతే. మిల్లు అడిగే పరిమాణాలతో పోలిస్తే చిన్న బ్రాండ్‌కి ఇది గొప్ప సౌకర్యం. కానీ ఆరు రంగుల్లో రెండేసి కుర్తాలు కావాలంటే ఏ మగ్గం మీదా కుదరదు. పేక మాత్రం మధ్యలో ఎప్పుడైనా మార్చవచ్చు. ఒకే తెల్ల పడుగు మీద నీలం, ఎరుపు, ఆకుపచ్చ పేకలు వేయిస్తే ఖర్చు పెద్దగా పెరగకుండా మూడు లేత రంగులు చేతికొస్తాయి. పని తెలిసిన చిన్న బ్రాండ్లు ఈ కిటుకు మీదే నడుస్తాయి.

మంగళగిరితో మొదలుపెడతాను, ఎందుకంటే మొదటి కలెక్షన్‌కి నా ఓటు దానికే. గుంత మగ్గం (నేలలో తవ్విన గుంతలో కాళ్ళు పెట్టి నేసే మగ్గం) మీద 80 నంబర్ సన్న నూలుతో నేసే బట్ట అది. నేత దగ్గరగా, గట్టిగా ఉంటుంది. బట్ట మధ్యలో బుటాలుండవు, అందమంతా అంచులో జరీతో నేసే నిజాం బోర్డర్‌లోనే. కట్టుకునే చీరకి ఇదొక లోటులా అనిపించవచ్చు. కత్తిరించి కుట్టేవాళ్ళకి మాత్రం ఇదే బలం. సాదా బట్ట, చారలు, గళ్ళు. డిజైన్ కలపాల్సిన పని లేదు కాబట్టి ముక్కలు ఎటు తిప్పి కోసినా నడుస్తుంది, వృథా తక్కువ. కుట్టు దగ్గర పోగులు జారవు. ఒక బ్యాచ్ అయిపోయాక అలాంటిదే మళ్ళీ నేయించుకోవడం కూడా మిగతా మూడింటికంటే తేలిక.

మంగళగిరిలో అడిగి తేల్చుకోవలసినవి రెండున్నాయి. ఒకటి రంగు. అక్కడి నూలుకి ఎక్కువగా వేసేవి రసాయన రంగులే. యూరప్‌లో అమ్మాలనుకుంటే ఇది నేరుగా చట్టానికి సంబంధించిన విషయం. క్యాన్సర్ కారక అమీన్లు అనే రసాయనాలను విడుదల చేసే కొన్ని అజో రంగులను (ఒక రకం రసాయన రంగులు) అక్కడ నిషేధించారు, బట్టలో ఆ అమీన్ల పరిమితి 30 పీపీఎం, అంటే కిలో బట్టకి 30 మిల్లీగ్రాములు. కాబట్టి నూలుకి గట్టిగా పట్టే వ్యాట్ రంగు గానీ, మంచి రియాక్టివ్ రంగు గానీ వేయమని ముందే చెప్పి, రంగు డబ్బా పేరుతో సహా బిల్లు అడగండి. మొదటి పడుగులోంచి ఒక ముక్క ల్యాబ్‌కి పంపండి. రెండోది జరీ. ఇమిటేషన్ జరీలో చాలావరకు ప్లాస్టిక్ పొర మీద వేసిన లోహపు పూతే. నూరు శాతం నూలు అని లేబుల్ వేసి అంచులో ఆ జరీ ఉంచితే అది అబద్ధం. జరీ బదులు రంగు నూలుతో అంచు వేయించుకుంటే బట్ట ఇంకా హుందాగా ఉంటుందని నా అభిప్రాయం.

పెడన దగ్గరికొస్తే మనసు లాగేస్తుంది. మచిలీపట్నం పక్కనే ఉన్న ఈ ఊరి కలంకారీకి టేకు చెక్కతో చెక్కిన అచ్చులే ప్రాణం. బట్టని కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెడతారు. తుప్పు ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి నానబెట్టిన ద్రావణం ఆ బట్టకి తగలగానే నల్లగా మారుతుంది. ఎరుపు రావలసిన చోట పటిక అచ్చు వేస్తారు. అప్పటికి అక్కడ ఎరుపు కనిపించదు. ఉతికి, రాగి పాత్రలో వేర్లూ చెక్కలతో ఉడకబెట్టాకే పైకి తేలుతుంది. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్ళని బందరుకి రప్పించినది ఈ అద్దకం బట్టలే.

ఈ నాలుగు ఊళ్ళలో సహజ రంగు అనే మాట నిజంగా చెల్లేది ఇక్కడే. అయినా పెడన అన్నంత మాత్రాన సహజ రంగు అయిపోదు. వేర్ల బదులు ఫ్యాక్టరీలో తయారైన అలిజరిన్ అనే ఎరుపు రంగు వాడేవాళ్ళున్నారు, అచ్చు బదులు స్క్రీన్ ప్రింట్ వేసి కలంకారీ పేరుతో అమ్మేవాళ్ళూ ఉన్నారు. పైగా అచ్చు వేసే బట్ట చాలాసార్లు మిల్లులో నేసిన గాడా (ముతక నూలు) బట్టే. చేనేత బట్ట మీద కావాలంటే మీరే విడిగా అడగాలి. మంగళగిరి సాదా బట్ట కొని పెడన పంపి అచ్చు వేయించడం దీనికి చక్కటి దారి, రెండు ఊళ్ళకీ పని దొరుకుతుంది. ఉడకబెట్టడానికి కట్టెలు, ఉతకడానికి బోలెడు నీళ్ళు ఖర్చవుతాయన్నది కూడా దాచకుండా మీ కొనుగోలుదారులకి చెప్పాలి. పసుపు రంగు ఎండకి తొందరగా వెలిసిపోతుంది. అమెరికాలో మెషీన్‌లో ఉతికి, డ్రయర్‌లో వేసే అలవాటుంది కాబట్టి నలుపు, ఎరుపు, నీలిమందు నీలం, ఈ మూడింటికే పరిమితమైతే ఫిర్యాదులు తగ్గుతాయి.

పెడనలో అసలు టెన్షన్ కాలంతోనే. కాలువ నీళ్ళ మీద ఆధారపడే పని అది. ఎండలు బాగా కాసే వేసవిలో కృష్ణా డెల్టా కాలువలు కట్టేస్తారు. నీళ్ళు నిండుగా ఉండే వానాకాలంలో బట్ట ఆరదు. డిసెంబర్ నుంచి మార్చి దాకా దొరికే రోజులే బంగారం. ఆగస్టులో ఆర్డర్ పెట్టి సెప్టెంబర్‌కి కావాలని పట్టుబడితే ఎవరో ఒకరు ఒప్పుకుంటారు, కానీ మీకు చేరేది స్క్రీన్ ప్రింటే కావచ్చు. తొందర పెట్టడం అంటే నకిలీని పిలిచి కూర్చోబెట్టడమే.

పోచంపల్లి ఇక్కత్ సంగతి వేరు. అక్కడ నేతకంటే ముందే సగం పని అయిపోతుంది. నూలుని ఆసు పోసి (మేకుల చుట్టూ వరుసగా తిప్పి), రంగు అంటకూడని చోట డిజైన్ ప్రకారం చిటికి కట్టి (దారంతో బిగించి), రంగులో ముంచి, విప్పి, మళ్ళీ కట్టి, మళ్ళీ ముంచి, అప్పుడు మగ్గమెక్కిస్తారు. ఆసు పోసే పని ఇంట్లో ఆడవాళ్ళదే, చీరకి వేలసార్లు చెయ్యి అటూ ఇటూ తిరగాలి. తల్లి భుజాల నొప్పి చూడలేక ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. మీ డిజైన్ బోర్డు మీద ఒక చిన్న గీత జరిపితే అక్కడ కట్టిన చిటికీలన్నీ మళ్ళీ కట్టాలి. అందుకే ఇక్కత్‌లో కొత్త డిజైన్ అడగడం చిన్న బ్రాండ్‌కి తగిన పని కాదు. కొయ్యలగూడెం లాంటి ఊళ్ళలో మీటర్ల లెక్కన నేసే నూలు ఇక్కత్‌లో ఉన్న డిజైన్లలోంచే ఎంచుకోండి. కుట్టేటప్పుడు పువ్వుకి పువ్వు, గడికి గడి కలపాలి కాబట్టి బట్ట ఎక్కువ పడుతుంది. మొత్తం డ్రెస్సు బదులు జాకెట్ వీపుకో, కుర్తా యోక్‌కో (భుజాల దగ్గరి పై ముక్క) వాడితే తక్కువ బట్టతో ఎక్కువ అందం వస్తుంది. నకిలీని పట్టుకోవడం ఇక్కడ తేలిక: నేసిన ఇక్కత్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, డిజైన్ అంచులు కాస్త అలుక్కున్నట్టు కనిపిస్తాయి. ప్రింట్‌కి వెనక వైపు వెలవెలబోతుంది.

పొందూరు ఖాదీని కత్తిరించవద్దు. ఇది పూర్తిగా నా పట్టుదల. శ్రీకాకుళం జిల్లాలో కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, చేత్తో వడికి, చేత్తో నేసిన బట్ట అది. పర్యావరణం దృష్టితో చూస్తే నాలుగింటిలో దీన్ని మించింది లేదు. పత్తి నుంచి బట్ట దాకా కరెంటు మీద ఆధారం దాదాపు ఉండదు. అయితే అంత నెమ్మదిగా తయారయ్యే బట్ట మీద గడువు పెట్టడం అన్యాయం. అంత సన్నటి బట్టని బిగుతు డ్రెస్సుగా కుడితే కుట్ల దగ్గర నిలవదు కూడా. స్టోల్‌గానో, పంచెగానో, చీరగానో ఉన్నదాన్ని ఉన్నట్టే అమ్మండి. లేబుల్ మీద ఖాదీ అని రాయాలంటే ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ నియమాలు పాటించాలి, 2013 నుంచి ఖాదీ మార్క్ నిబంధనలున్నాయి.

చేత్తో వడికిన నూలుకి, పెద్ద మిల్లు నూలుకి మధ్య దారి కావాలంటే మల్ఖా అనే చేనేత బట్ట ఉంది. పత్తిని బేళ్ళుగా నొక్కకుండా చిన్న యూనిట్లలో వడికిన నూలు, సహజ రంగులు. సాదా రంగుల కలెక్షన్ అయితే దాన్నీ తప్పక చూడండి.

ఇక ఎవరితో పనిచేయాలి? వాట్సాప్‌లో ఒక నేత కార్మికుడితో నేరుగా మాట్లాడుకుంటే దళారి ఉండడని చాలామంది అనుకుంటారు. కానీ నూలు కొనడం, రంగు వేయించడం, పడుగు తయారీ, ఇవన్నీ చేయడానికి ఆయన దగ్గర పెట్టుబడి ఉండదు. మీ ఆర్డర్ ఆగిపోతే ఆ నష్టం మొత్తం ఆయన ఇంటి మీద పడుతుంది. మాస్టర్ వీవర్ (నూలు తానే ఇచ్చి ఇతరులతో నేయించే వ్యాపారి) దగ్గర పని వేగం, శాంపిల్ తొందరగా వస్తుంది, కానీ నేసినవాళ్ళకి మజూరీ (నేత కూలి) ఎంత ఇస్తున్నారో మీకు తెలియదు. సహకార సంఘంలో కాగితాలు ఆలస్యం, జవాబు ఆలస్యం, కానీ మీటరుకి మజూరీ ఎంతో రాతపూర్వకంగా ఉంటుంది. దస్త్కార్ ఆంధ్ర లాంటి సంస్థలు సంఘాలకీ కొనేవాళ్ళకీ మధ్య నిలబడి పనిచేస్తాయి. మొదటిసారికి నేను ఈ దారినే చెబుతాను. 2019-20 జాతీయ చేనేత గణనలో మూడింట రెండు వంతుల నేత కుటుంబాల నెల ఆదాయం 5,000 రూపాయల లోపే అని తేలింది. మజూరీ ఎంతని అడగకుండా సస్టైనబుల్ అనే మాట వాడే హక్కు మనకు లేదు.

కుట్టుపని అక్కడే చేయించండి. బట్టని ముందు ఉతికించి, ఆరబెట్టి, అప్పుడే కోయించాలి. చేనేత నూలు తొలి ఉతుకులో కుదించుకుపోతుంది, మీడియం సైజు కొన్నవాళ్ళు స్మాల్ అయిందని తిరిగి పంపుతారు. సైజు శాంపిల్ చవక నూలు బట్ట మీద కుట్టించి, అది ఒప్పుకున్నాకే అసలు బట్ట మీద కత్తెర పెట్టాలి. అమెరికాలో అమ్మితే లేబుల్ మీద నూలు శాతం, తయారైన దేశం, మీ సంస్థ గుర్తింపు, ఉతికే పద్ధతి ఉండి తీరాలి. 800 డాలర్ల లోపు పార్సిళ్ళకి అక్కడ ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29తో పోయింది. అందుకని చిన్న చిన్న పార్సిళ్ళుగా పంపించుకుంటే కలిసొచ్చేదేమీ లేదు. ధర కట్టేటప్పుడే సుంకం లెక్క వేసుకుని, మొత్తం ఒకేసారి తెప్పించుకోండి.

క్యాలెండర్ ఇలా వేసుకోవచ్చు. వచ్చే వసంతానికి కలెక్షన్ కావాలంటే మంగళగిరి బట్టకి ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే ఆర్డర్ ఇవ్వండి. అక్టోబర్, నవంబర్‌లో కోస్తాలో తుఫాన్లొస్తాయి, గుంత మగ్గాల్లోకి నీళ్ళు ఊరతాయి, గంజి పెట్టిన పడుగు ఆరదు. బట్ట ఆలోపే మగ్గం దిగి కుట్టుకి చేరాలి. పెడన అచ్చు కూడా ఉంటే ఆ బట్టని డిసెంబర్‌లో అద్దకానికి పంపి, దాన్ని వేసవి కలెక్షన్‌గా పెట్టుకోవడం మంచిది.

డబ్బు విషయంలో బేరం ఆడవలసిన చోటు మజూరీ మాత్రం కాదు. నూలు, రంగు ఖర్చు పూర్తిగా ముందే ఇవ్వండి, మజూరీలో సగం పడుగు ఎక్కిన రోజున, మిగతా సగం బట్ట మగ్గం దిగిన రోజున. మీ దగ్గర అమ్ముడయ్యాక ఇస్తామనే ఒప్పందం నేతవాళ్ళతో పెట్టుకోకండి. పోగు తేడా, చిన్న ముడి లాంటివి ఎన్నిటిదాకా ఒప్పుకుంటారో శాంపిల్ ముక్క మీదే గుర్తు పెట్టి, ఒక ముక్క వాళ్ళ దగ్గర, ఒక ముక్క మీ దగ్గర ఉంచుకోండి. మొదటి బ్యాచ్ చేతికి రాగానే రెండో ఆర్డర్ ఉందో లేదో వెంటనే చెప్పేయండి. ఆ మాట కోసం మగ్గం ఖాళీగా ఉంచలేరు కదా, మీరు చెప్పకపోతే ఇంకెవరి పడుగో ఎక్కిస్తారు.