మూడు ఇస్పేట్లా, నాలుగు ఇస్పేట్లా?

భీమవరంలో సాయంత్రం పూట మేము వేసే బ్రిడ్జి పేకాటలో ఎప్పటికీ తెగని వాదన ఇదే: చేతిలో పొడవైన ఇస్పేట్ల రంగు తప్ప పెద్ద బలం లేనప్పుడు, ప్రత్యర్థులకు అడ్డుపడేలా వేలం ఎంత ఎత్తున మొదలుపెట్టాలి? మూడు చెబితే తొమ్మిది ట్రిక్కులు (పట్లు), నాలుగు చెబితే పది గెలుస్తామన్నట్టు. మనం నాన్‌వల్నరబుల్‌గా, ప్రత్యర్థులు వల్నరబుల్‌గా ఉన్నప్పుడు (అంటే ఓడితే మనకు జరిమానా తక్కువ, వాళ్లకు గెలుపోటముల పాయింట్లు ఎక్కువ) రాజు, రాణి, జాకీ, పదితో కలిపి ఏడు ఇస్పేట్లు వస్తే ఆరు ట్రిక్కులు దాదాపు ఖాయం కనుక, భాగస్వామి నుంచి ఏ సాయమూ అందకపోయినా, మూడు చెప్పి డబుల్ (ప్రత్యర్థులు జరిమానా పెంచే పిలుపు) పడితే పోయేది 500 పాయింట్లు. అదే వాళ్లు నాలుగు ఆఠీన్లు చేసుకుంటే వాళ్లకొచ్చేది 620. నాలుగు చెబితే 800 పోతుంది, అది దండగ. ఎనిమిదో ముక్క ఉంటే మాత్రం నేను నిస్సంకోచంగా నాలుగే చెబుతాను, ఎందుకంటే నష్టం 500 దగ్గరే ఆగుతుంది, ఆఠీన్లు చెప్పాలంటే వాళ్లు ఐదుకు వెళ్లక తప్పదు. మొన్న మా బావగారు ఎనిమిదింటితో మూడే చెప్పారు. ఎడమవైపు ఆయన నాలుగు ఆఠీన్లన్నాక నాలుగు ఇస్పేట్లకు పెంచారు గానీ, అప్పటికే వాళ్లకు తమ రంగు తెలిసిపోయింది.