రోహిణి కార్తెలో రైజెన్: అయిదేళ్ల ఓవర్‌క్లాక్ అనుభవం

మిర్యాలగూడలో సాగర్ రోడ్డు పక్క సందులో మాది పెళ్లి వీడియోల ఎడిటింగ్ షాపు. 2020 జనవరిలో సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో పార్టులు కొని నేనే బిగించుకున్న మెషీన్ ఇప్పటికీ మాకు తిండి పెడుతోంది. ఏఎండీ రైజెన్ 5 3600 ప్రాసెసర్, బి450 చిప్‌సెట్ బోర్డు, 16 జీబీ ర్యామ్. ఆ ఏడాది లాక్‌డౌన్‌లో ముహూర్తాలన్నీ ఆగిపోయి చేతిలో పని లేనప్పుడు ఓవర్‌క్లాకింగ్ గురించి, అంటే ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టినదానికంటే ఎక్కువ వేగంతో నడపడం గురించి, చదవడం మొదలైంది. డిసెంబర్‌లో చేతులు పెట్టాను. అప్పటినుంచీ ఏదో ఒక సెట్టింగ్‌లో అలాగే నడుపుతున్నాను.

నా ప్రాసెసర్‌లో ఆరు కోర్లు, అంటే లెక్కలు చేసే విభాగాలు. కంపెనీ సెట్టింగ్‌లో బరువు పని పడితే అన్ని కోర్లూ 3.95 గిగాహెర్ట్జ్ దగ్గర నిలబడేవి. డబ్బా మీద 4.2 అని ఉంటుంది కానీ అది ఒకటి రెండు కోర్లు పనిచేసేటప్పటి మాట. నేను అన్ని కోర్లనూ 4.2కి కట్టేశాను, వోల్టేజీ 1.30. మూడు గంటల పెళ్లి వీడియో ఎక్స్‌పోర్ట్‌కు ఇదివరకు 100 నిమిషాలు పట్టేది, 94కు దిగింది. ఆరు నిమిషాలే! దీనికోసం ఇంత తంటాలా అని నవ్వుకోవచ్చు, మా ఆవిడ నవ్వింది కూడా.

దానికంటే పెద్ద లాభం ర్యామ్‌లో వచ్చింది, అదీ సిగ్గుపడాల్సిన విషయమే. 3200 అని రాసి ఉన్న ర్యామ్ కొన్నాను కానీ బయోస్‌లో, అంటే బోర్డు సెట్టింగుల మెనూలో, ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపించే ఎక్స్‌ఎంపీ ఆన్ చేయలేదు. నెలల తరబడి 2400 మీదే నడిచింది. ఎవరైనా మొదట చూసుకోవాల్సింది ఇదే. అయితే ఇదీ ఒక రకం ఓవర్‌క్లాకే, రాత్రంతా ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ పెట్టి ఒక్క ఎర్రర్ కూడా లేదని చూసుకోండి. ప్రాసెసర్ తప్పు చేస్తే చాలాసార్లు మెషీన్ ఆగిపోయి తెలుస్తుంది, ర్యామ్ తప్పు చేస్తే ఒక్కోసారి తలంబ్రాల సీన్ మధ్యలో ఆకుపచ్చ గళ్లు వచ్చి, అవి కస్టమర్ ఇంట్లో టీవీ మీద కనిపించాకే తెలుస్తుంది.

ఇక అసలు కథ 2022 మే నెలది. 2020 డిసెంబర్‌లో సెట్టింగ్ కుదిర్చాక రాత్రి పదకొండు గంటలకు, ప్రాసెసర్ మీద పూర్తి బరువు వేసే ప్రైమ్95 పెట్టి చూశాను. గది 24 డిగ్రీలు, ప్రాసెసర్ 76. భేష్ అనుకున్నాను. 2021 ఎండాకాలం మళ్లీ లాక్‌డౌన్‌లోనే పోయింది కాబట్టి అసలు పరీక్ష పడనే లేదు. 2022లో వైశాఖ ముహూర్తాలు వరసగా పడ్డాయి. హాలియా నుంచి ఒక పెళ్లికూతురి తండ్రి, పదహారు రోజుల పండుగకు ఇంట్లో అందరికీ వీడియో వేసి చూపించాలని, సాయంత్రం నాలుగింటికి వస్తానన్నాడు. ఒంటిగంటకు ఎక్స్‌పోర్ట్ పెట్టాను. షాపులో ఏసీ లేదు, గది 40 డిగ్రీలు. రెండున్నరకు 91 శాతం దగ్గర మెషీన్ ఆగిపోయి నీలం తెర వచ్చింది. మళ్లీ పెట్టాను, ఈసారి సగం దాటగానే పడింది. ఆఖరికి బయోస్‌లో అన్నీ డిఫాల్ట్‌కు మార్చి మూడోసారి మొదలుపెట్టేసరికి మూడు నలభై. ఆయన చెప్పిన టైముకే వచ్చి కూర్చున్నాడు. "ఏం తమ్మీ, నాలుగింటికే ఇస్తనంటివి?" అన్నాడు. "గంటల అయిపోతది బాపూ, చాయ్ తాగుండ్రి" అన్నాను. మూడు చాయ్‌లు తాగించాను. ఎక్స్‌పోర్ట్‌కు ఆరు నిమిషాలు మిగిలించే సెట్టింగ్ ఆ ఒక్క మధ్యాహ్నం రెండున్నర గంటలు మింగేసింది.

తర్వాత కూర్చుని చూస్తే లెక్క చాలా సులువు. గది ఎన్ని డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ కూడా ఇంచుమించు అన్నే పెరుగుతుంది. 24 గదిలో 76 అంటే, 40 గదిలో 92. ఈ ప్రాసెసర్‌కు కంపెనీ ఇచ్చిన హద్దు 95. హద్దు లోపలే ఉంది కదా అంటారేమో, కానీ చల్లగా ఉన్నప్పుడు 1.30 దగ్గర నిలబడిన వేగం వేడెక్కాక అదే వోల్టేజీకి నిలబడలేదు. అందుకే మన జిల్లాల వాళ్లకు నేను చెప్పే మాట ఒకటే: స్టెబిలిటీ పరీక్ష మధ్యాహ్నం రెండింటికి, తలుపులు మూసి, మే నెలలో చేయండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, నీ ప్రాసెసర్ ఎంత?

ఇప్పుడు బయోస్‌లో రెండు ప్రొఫైల్స్ ఉన్నాయి. చలికాలానిది పాతదే. మార్చి నుంచి వానలు పడేదాకా 4.0 గిగాహెర్ట్జ్, 1.175 వోల్టులు. వేడి వోల్టేజీ వర్గంతో (వోల్టేజీని వోల్టేజీతోనే గుణిస్తే వచ్చేదానితో) పెరుగుతుంది, వేగంతో మామూలుగానే పెరుగుతుంది. ఆ లెక్కన ఈ సెట్టింగ్‌లో వేడి అయిదో వంతుకు పైగా తగ్గుతుంది. 40 డిగ్రీల గదిలో కూడా 80 దాటడం లేదు, ఎక్స్‌పోర్ట్ మాత్రం కంపెనీ సెట్టింగ్ కంటే ఒక వెంట్రుకవాసి ముందే అవుతోంది. ఒక్క కోరు పని ఉన్నచోట ఆ 4.2 బూస్ట్ పోతుంది, టైమ్‌లైన్ జరిపేటప్పుడు కొంచెం తెలుస్తుంది. పైకి కూడా ఒకసారి ఆశపడ్డాను. నా చిప్ 4.3కు 1.40 వోల్టులు అడిగింది. రెండు శాతం వేగానికి దాదాపు ఇరవై శాతం ఎక్కువ వేడి! పైగా చిప్‌ను లోపల అరగదీసేది వోల్టేజీయే. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని పాడవడానికి ఎక్కువ వోల్టేజీ కారణమని 2024లో ఇంటెలే ఒప్పుకుని మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) అప్‌డేట్ ఇచ్చింది. ఓవర్‌క్లాక్ చేయనివాళ్లవీ అందులో ఉన్నాయి.

కూలర్ సంగతి. డబ్బాలో వచ్చే చిన్న కూలర్‌తో ఇవేవీ చేయకండి, నాది నాలుగు పైపుల టవర్ కూలర్. అది మార్చేటప్పుడే నా గుండె ఆగినంత పనైంది. పాతదాన్ని నిటారుగా లాగాను. కూలర్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య రాసే పేస్ట్ గట్టిపడి ప్రాసెసర్ సాకెట్ లోంచి ఊడి కూలర్‌కు అంటుకుని వచ్చేసింది. అడుగున 1331 పిన్నుల్లో రెండు వంగాయి. పాత బ్లేడు సందులో పెట్టి, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్కదాన్నీ నిలబెట్టాను. ముందు పది నిమిషాలు మెషీన్ నడిపి వేడి చేసి, ఆపేసి, కూలర్‌ను అటూ ఇటూ తిప్పి తీయాలని తర్వాత తెలిసింది.

మా ఊళ్లో ఇంకో శత్రువు ఊక దుమ్ము. వానాకాలం వడ్లు, యాసంగి వడ్లు మిల్లులకు వచ్చే రోజుల్లో కూలర్ రేకుల మధ్య పసుపు పొర కడుతుంది, ఉష్ణోగ్రత ఆరేడు డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. నెలకోసారి బ్లోయర్ కొడతాను, ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకుని. వదిలేసి కొడితే పిచ్చిగా తిరిగి బేరింగ్ పోతుంది.

కొత్తవాళ్లు నేరుగా బయోస్‌లోకి పోకుండా ఏఎండీ సాఫ్ట్‌వేర్ రైజెన్ మాస్టర్‌లో ప్రయత్నించండి, హ్యాంగ్ అయితే రీస్టార్ట్‌తో మామూలుకు వస్తుంది. బయోస్‌లోనే ఇరుక్కుని తెర రాకపోతే ప్లగ్ పీకి, బోర్డు మీది బిళ్ల బ్యాటరీ తీసి కాసేపాగి పెట్టండి. ఏ320 చిప్‌సెట్ బోర్డుల్లో ప్రాసెసర్ ఓవర్‌క్లాక్ కుదరదు. ఇంటెల్‌లో పేరు చివరి అక్షరాల్లో కె ఉన్న ప్రాసెసర్లూ, జెడ్ రకం బోర్డూ కావాలి. వారంటీ మీద ఆశ వదులుకునే మొదలుపెట్టాలి.

మొన్న చలికాలంలో 4.2 దగ్గర ఎర్రర్ లాగ్‌లో ఒక వరస కనిపించింది. 1.3125కు పెంచితే సర్దుకుంది. అయిదేళ్ల అరుగుదల అదే కావచ్చు. క్యాబినెట్ పక్కన మార్కర్‌తో రెండు సెట్టింగులూ రాసుకున్నాను: చలి 4.2, ఎండ 4.0. చలి పక్కన 1.30 కొట్టేసి పైన 1.3125 అని ఉంటుంది. అది చూసి, ఆల్బమ్ రేటు పెంచారా అని ఒక కస్టమర్ అడిగాడు.