ఏఆర్‌సీనా, పీఎల్‌సీనా?

అమెరికాలో మొక్కజొన్న, సోయా, గోధుమ పండే కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) 2014 వ్యవసాయ చట్టం నుంచీ రైతుకు ఇదే టెన్షన్: సబ్సిడీ కోసం ఏ పథకానికి సంతకం పెట్టాలి, ఏఆర్‌సీ (అగ్రికల్చర్ రిస్క్ కవరేజ్)కా, పీఎల్‌సీ (ప్రైస్ లాస్ కవరేజ్)కా?

పీఎల్‌సీ చూసేది ధర ఒక్కటే. దేశ సగటు ధర, చట్టం ప్రకారం లెక్కగట్టే రిఫరెన్స్ ధర కంటే పడిపోతే ఆ తేడా ఇస్తారు. మొక్కజొన్నకు 2025 నుంచి ఆ గీత బుషెల్‌కు (సుమారు 25 కిలోలు) కనీసం 4.10 డాలర్లు. మన మద్దతు ధర లాంటిదే అనుకోండి, కాకపోతే సర్కారు పంట కొనదు.

కౌంటీ ఏఆర్‌సీ చూసేది కౌంటీ మొత్తం మీద ఎకరా ఆదాయం, అంటే ధర, దిగుబడి రెండూ. ఐదేళ్ల సగటు లెక్కలో 90 శాతం కంటే తగ్గితే ఇస్తారు, అదీ ఆ సగటులో 12 శాతం వరకే.

ఖర్చు: రెండింటికీ ప్రీమియం లేదు.
శ్రమ: రెండింటికీ అదే కౌంటీ ఆఫీసు.
డబ్బు: ఏదైనా మరుసటి ఏడాది అక్టోబరు తర్వాతే.

అసలు మెలిక ఈ కౌంటీ ఏఆర్‌సీలో ఉంది. వడగళ్లు మీ ఒక్క చేను మీదే పడి, కౌంటీ అంతా బాగా పండిందనుకోండి, పైసా రాదు.

ధరలు కుప్పకూలేలా ఉంటే పీఎల్‌సీ. వరి రైతులు ఎక్కువగా అటే. ధర గీతకు పైనే ఉండి, కరువు కౌంటీనంతా తాకే చోట ఏఆర్‌సీ. 2025 పంటకు మాత్రం రెండింటిలో ఏది ఎక్కువైతే అదే ఇస్తారు.