కేదైనియై: ఆరు శవపేటికలు, జంట సినగాగులు, ఉప్పునీటి దోసకాయలు

లిథువేనియా వెళ్లే మనవాళ్లు విల్నియస్ తిరిగి, త్రకై కోట దగ్గర ఫొటోలు దిగి, కౌనస్‌లో ఒక పూట గడిపి వెనక్కి వచ్చేస్తారు. కౌనస్‌కి ఉత్తరాన యాభై కిలోమీటర్ల దూరంలో, నెవేజిస్ నది ఒడ్డున ఉన్న కేదైనియై చాలామంది జాబితాలోకే రాదు. జనాభా పాతిక వేల లోపు. 1372 నాటికే చరిత్ర పత్రాల్లో కనిపించే ఈ ఊరికి 1590లో పట్టణ హక్కులు దక్కాయి. 17వ శతాబ్దంలో ప్రొటెస్టెంట్లలోని కాల్వినిస్టులు, లూథరన్లు, కాథలిక్కులు, ఆర్థడాక్స్ క్రైస్తవులు, యూదులు ఒకే ఊళ్లో ఎవరి ఆరాధన వారు చేసుకుంటూ బతికారు. వాళ్లు కట్టుకున్నవి చాలావరకు నేటికీ నిలిచి ఉన్నాయి, అదీ పావుగంట నడకలో అందేంత దగ్గరగా. రెండు గంటల్లో చూసేసి బస్సెక్కుదామంటే మాత్రం వీధులే మిగులుతాయి, ఊరు అర్థం కాదు. ఒక రాత్రి ఉండేలా పెట్టుకోండి.

ముందు దారి సంగతి. విల్నియస్ నుంచి రైలే మంచిది. షౌలియై, క్లైపేద వైపు వెళ్లే రైళ్లు ఈ ఊరి మీదుగానే పోతాయి, సుమారు గంటన్నర ప్రయాణం. టికెట్లు అక్కడి రైల్వే సంస్థ ఎల్‌టీజీ లింక్ యాప్‌లో దొరుకుతాయి. కౌనస్ నుంచి వచ్చేవాళ్లు మాత్రం రైలు జోలికి పోవద్దు. మ్యాపులో పక్కపక్కనే కనిపిస్తాయి గానీ రైలు దారి చుట్టు కావచ్చు. తూర్పుకి తిరిగి కైషియాదోరిస్ మీదుగా రావాల్సి వచ్చి, అక్కడ బండి మారే సమయం కుదరకపోతే సగం పూట గోవిందా. బస్సయితే గంటలో దింపేస్తుంది. రైల్వే స్టేషన్ పాతబస్తీకి కాస్త ఎడంగా ఉంటుంది. సామాను తక్కువైతే నడిచిపోవచ్చు. పెద్ద సూట్‌కేసుంటే టాక్సీ చెప్పుకోవడం మేలు, ఎందుకంటే పాతబస్తీలో గుండ్రాళ్లు పరిచిన వీధులున్నాయి, సూట్‌కేసు చక్రాలు వాటి మీద నిలవవు. వీసా మామూలు షెంగెన్ వీసానే. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలది ఉండాలి. 2015 నుంచి అక్కడ చలామణీలో ఉన్నది యూరోనే.

రోజు ఎంచుకోవడంలోనే చాలామంది తప్పు చేస్తారు. సోమవారం మ్యూజియంలు మూసి ఉంటాయి. ఆదివారం వెళ్లేటట్లయితే వేళలు ముందే చూసుకోండి. మంగళవారం నుంచి శనివారం లోపు ఏ రోజైనా నిశ్చింత. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. జూన్‌లో రాత్రి పదింటిదాకా వెలుతురే. మే నుంచి సెప్టెంబరు మధ్య వెళ్తే ఒక రోజులో రెండు రోజుల పని అవుతుంది.

నడక మొదలుపెట్టాల్సింది సంస్కరణవాద చర్చి నుంచి. 1631లో ఈ ఊరిని ఏలిన రద్విలా వంశపు ప్రభువు క్రిస్టుపాస్ మొదలుపెట్టించాడు, ఆయన కొడుకు యోనుషాస్ కాలంలో పూర్తయింది. లోపల బొమ్మలూ బంగారు పూతలూ ఏవీ ఉండవు. కాల్వినిస్టులకు వాక్యమే ప్రధానం గనక తెల్లటి గోడలు, ఎత్తయిన హాలు, ఓక్ చెక్కతో చేసిన ప్రసంగ వేదిక, అంతే. కాథలిక్ చర్చిల ఆడంబరానికి అలవాటుపడిన కళ్లకి మొదట వెలితిగా అనిపిస్తుంది. ఒక పక్కన కూర్చుని పైకప్పు దాకా చూపు పోనిస్తే ఆ ఖాళీ ఎందుకో తెలుస్తుంది. మాట గట్టిగా, స్పష్టంగా అందరికీ వినపడాలని కట్టిన గది అది.

ఆ చర్చి నేలమాళిగలోనే రద్విలాల సమాధి మందిరం ఉంది. ఈ ఊళ్లో ఒక్కటే చూసే వీలుంటే అదే చూడాలి. మొత్తం ఆరు శవపేటికలు. ఒకటి ‘పెర్కూనాస్’ అనే బిరుదున్న తాత క్రిస్టుపాస్ రద్విలాది (1547–1603); చర్చి మొదలుపెట్టించిన క్రిస్టుపాస్‌కి ఈయన తండ్రి, ఇద్దరి పేరూ ఒకటే. ఒకటి మనవడు యోనుషాస్‌ది (1612–1655). మిగతా నాలుగూ యోనుషాస్ తోబుట్టువులవి, చిన్నతనంలోనే పోయినవాళ్లు. యోనుషాస్ పేటిక మిగతావాటికంటే పెద్దది, అలంకారాలతో నిండినది. చాలామంది దాని చుట్టూనే తిరిగి ఫొటోలు తీసుకుని బయటికొస్తారు. పక్కనున్న చిన్న పేటికల దగ్గర కూడా కాసేపు నిలబడండి. ఎలిజబెత్, యుర్గిస్, మికలోయుస్, స్టెపోనాస్. ఇంతటి సంస్థానం ఉండీ నలుగురు పిల్లల్ని పోగొట్టుకున్న ఇల్లు అది. ఎండాకాలంలో వెళ్లినా ఒక పల్చటి స్వెట్టర్ దగ్గరుంచుకోండి, కింద చల్లగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని తీసుకెళ్తే మెట్ల సంగతి టికెట్ దగ్గరే అడగండి.

బిరుదులోని పెర్కూనాస్ అంటే లిథువేనియన్ల ఉరుముల దేవుడు. మన వేదాల్లోని పర్జన్యుడితో ఆ పేరుకి చుట్టరికం ఉందని కొందరు భాషావేత్తలు అంటారు. అది వాదంలో ఉన్న మాట. కానీ మిగతా చుట్టరికానికి వాదమే అక్కర్లేదు. అగ్నికి వాళ్ల మాట ఉగ్నిస్, ధూమానికి దూమాస్, దేవుడికి దియెవాస్, స్వప్నానికి సాప్నాస్, పాదానికి (వాళ్లకది అరికాలు) పాదాస్. సంస్కృతం నుంచి తెలుగులోకొచ్చిన మాటలు ఇంట్లో రోజూ వాడుకునే మనకి అక్కడి బోర్డులు చదువుతుంటే చెవి ఉలిక్కిపడుతుంది. ఆ భాష అచ్చులోకి వచ్చిన తొలి కథల్లో ఈ ఊరికీ చోటుంది. 1595లో క్రైస్తవ బోధల పుస్తకానికి తన అనువాదాన్ని అచ్చువేయించి, లిథువేనియా మహాసంస్థానంలో తొలి లిథువేనియన్ పుస్తకాన్ని తెచ్చిన మికలోయుస్ దౌక్షా పుట్టింది కేదైనియై దగ్గరి బబేనైలోనే. 1653లో రద్విలాల ప్రాపకంతో ఇక్కడే ఒక ప్రార్థనల పుస్తకం లిథువేనియన్‌లో అచ్చయింది.

యోనుషాస్ గురించి తెలుసుకోకుండా పెద్ద సంత మైదానంలో ఆయన విగ్రహం ముందు నిలబడి లాభం లేదు. 1655 ఆగస్టులో రష్యా సేనలు విల్నియస్‌ని పట్టుకున్నాయి. పోలండ్ రాజు నుంచి సాయం అందే దారి లేదు. అప్పుడు యోనుషాస్, ఆయన బంధువు బొగుస్లావాస్ కలిసి స్వీడన్ రాజు పదవ చార్లెస్ గుస్తావ్‌తో ఒప్పందానికి దిగారు. ఆగస్టు 17న ఒకటి, అక్టోబరు 20న మరొకటి, రెండూ కేదైనియైలోనే. పోలండ్‌తో ఉన్న పొత్తు తెంచుకుని లిథువేనియా స్వీడన్‌తో చేరడం దాని సారం. అది నిలబడలేదు. ఆ ఏడాది చివరి రోజున, తన కోటను శత్రువులు ముట్టడించి ఉండగా, యోనుషాస్ టికోచిన్‌లో చనిపోయాడు. పోలిష్ సంప్రదాయంలో ఆయన ద్రోహి. లిథువేనియన్లలో చాలామందికి దేశానికి వేరే దారి వెతికిన నాయకుడు. 2006లో పెట్టిన విగ్రహాన్ని ఆ రెండు చూపుల మధ్య చూడాలి. నిజానికి సేనలు ఊరి మీదికి వస్తుంటే ఎవరితో చేరాలో తేల్చుకోవలసి వచ్చిన ఏ చిన్న రాజ్యపు కథైనా ఇలాగే ఉంటుంది.

విగ్రహం నుంచి పెద్ద వీధి (దిద్జోయి గాత్వే) వెంబడి నడవండి. రద్విలాల కాలంలో మతం పేరున స్వదేశంలో ఇబ్బందిపడ్డ స్కాట్లాండ్ కాల్వినిస్టు వర్తకులు ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు, పురపాలక సభలోనూ కూర్చున్నారు. గ్రే, ఆర్నెట్ వంటి ఇంటిపేర్లు ఇళ్ల మీద ఇంకా ఉన్నాయి. వీధి వైపు త్రికోణపు గోడలు తిప్పి కట్టిన ఆ ఇళ్లలో అంగడి కిందా, కాపురం పైనా ఉండేవి. టౌన్ హాల్ కూడా పాతదే. దేశంలో నిలిచి ఉన్న పాత టౌన్ హాళ్లు మూడేనంటే, విల్నియస్, కౌనస్‌ల పక్కన మూడోది ఈ చిన్న ఊరిది.

అదే వీధిలో ప్రాంతీయ మ్యూజియం ఉంది. 1922లో ఏర్పడింది, ఇప్పుడున్నది పాత కార్మెలైట్ మఠంలో. కొమ్ములతో చేసిన కుర్చీలు, బల్లలు చూసి అందరూ ఆశ్చర్యపోతారు. అవి వింతే, కాదనం. కానీ అసలు సంపద విన్సాస్ స్విర్స్కిస్ (1835–1916) చెక్కిన శిలువలు. ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటా తిరిగి, పెట్టిన చోట తిని, వాళ్ల కోసం శిలువ చెక్కిపెట్టిన జానపద శిల్పి ఆయన. ఒకే ఓక్ మానులో నిలువు దూలం, దాంట్లోనే పరిశుద్ధుల బొమ్మలు తొలిచేవాడు. దగ్గరికెళ్లి ముఖాలు చూడండి: పెద్ద తల, మందమైన చేతులు, పొలం నుంచి వచ్చిన రైతులా నిలబడ్డ దేవదూతలు. ఉలి గాట్లు సాపు చేయకుండా వదిలేశాడు, పక్క నుంచి వెలుతురు పడితే దుస్తుల మడతలు కదిలినట్టుంటాయి. ఎండకీ వానకీ ఆరుబయట నిలబడాల్సిన శిలువలకు ఆ లోతు గాట్లే బలం. మ్యూజియానికి గంటన్నర కేటాయించండి, అందులో సగం వీటికే. పక్కనే 18వ శతాబ్దపు చెక్క చర్చి ఉంది, పరిశుద్ధ యోసేపుది. పది నిమిషాలు చాలు.

పాత సంత మైదానంలో రెండు సినగాగులు, అంటే యూదుల ప్రార్థనాలయాలు, పక్కపక్కన ఉంటాయి. పెద్దది వేసవికి, చిన్నది చలికాలానికి. రెండెందుకంటే పెద్ద హాలుని ఆ దేశపు చలిలో వెచ్చగా ఉంచడం అయ్యే పని కాదు. చిన్నదాంట్లో 2002 నుంచి బహుళ సంస్కృతుల కేంద్రం నడుస్తోంది, ప్రదర్శనలు, కచేరీలు జరుగుతాయి. విల్నా గావోన్‌గా ప్రసిద్ధుడైన యూదు పండితుడు ఎలియా బెన్ సొలొమన్ పసివాడుగా ఉన్నప్పుడు చదువుకున్నది ఈ ఊళ్లోనే. దోసతోటల పెంపకంలోనూ వ్యాపారంలోనూ యూదులదే పెద్ద చెయ్యి. 1941 ఆగస్టు 28న ఊరి బయట దౌక్షియై దగ్గర నాజీలూ, వాళ్లకు తోడైన స్థానికులూ కలిసి కేదైనియై, చుట్టుపక్కల ఊళ్ల యూదులను చంపారు. హంతకుల సొంత నివేదికలోనే లెక్క ఉంది: పురుషులు 710, స్త్రీలు 767, పిల్లలు 599. మొత్తం 2,076. ఒక్క రోజులో. సినగాగు చూసినవాళ్లు దౌక్షియై స్మారకానికి కూడా వెళ్లాలి. అక్కడ చూడడానికి ఏముంది అని అడగకండి. వాహనం కావాలి, టాక్సీ మాట్లాడుకుంటే అక్కడే ఆపి ఉంచమని ముందే చెప్పండి, తిరుగు బండి దొరకదు.

స్టేషన్ వైపు పార్కులో ఒంటరిగా ఒక మినార్ నిలబడి ఉంటుంది. చుట్టూ మసీదు లేదు, ఎప్పుడూ లేదు. రష్యా సేనాని ఎడ్వర్డ్ తోత్లేబెన్ తన ఎస్టేట్‌లో 1880 ప్రాంతంలో కట్టించాడు. 1877–78 యుద్ధంలో తుర్కుల ప్లెవ్నాను ముట్టడించి లొంగదీసింది ఆయనే, దానికి గుర్తుగా కట్టాడని ఎక్కువమంది చెప్పేది. తుర్కు ప్రేయసి కోసమని ఇంకో కథ కూడా ప్రచారంలో ఉంది, దాన్ని నమ్మి ఎవరికీ చెప్పకండి. రైలు దిగిన వెంటనేనో ఎక్కబోయే ముందో చూసుకుంటే సరిపోతుంది, దీనికోసం పాతబస్తీ నుంచి ప్రత్యేకంగా రానక్కర్లేదు.

తిండి దగ్గర శాకాహారులు కొన్ని మాటలు నేర్చుకుని వెళ్లాలి. ‘బె మెసోస్’ అంటే మాంసం లేకుండా. అది చెప్పినా సెపెలినై అనే బంగాళాదుంప ఉండల మీద వేయించిన పందికొవ్వు ముక్కలు చల్లి తెచ్చే ప్రమాదముంది, అందుకే ‘బె స్పిర్గూచ్యూ’ అని కూడా చెప్పాలి. సెపెలినైలో పనీరులాంటి ‘వర్ష్కే’ కూరినవి అడగండి. బంగాళాదుంప అట్లు (బుల్వినియై బ్లినై) మామూలుగా శాకాహారమే, వాటిలోనే ‘జెమైచ్యూ’ అన్న పేరు కనిపిస్తే లోపల మాంసం ఉంటుంది. గులాబీరంగు చల్లటి బీట్‌రూట్ సూపు షల్తిబర్ష్చియైలో కెఫీర్ అనే పులిసిన పాలు, దోసకాయ, ఉడికిన గుడ్డు పడతాయి. గుడ్డు వద్దనుకుంటే ‘బె కియౌషినియో’. కారం మీద ఆశ పెట్టుకోవద్దు, పొడుల డబ్బా వెంట ఉంచుకోవడం తప్పేమీ కాదు.

ఈ ఊరిని లిథువేనియాకి దోసకాయల రాజధాని అంటారు. వేసవిలో దానికో పండగ కూడా చేస్తారు. సంతలో కొనేటప్పుడు రెండు రకాలు గమనించండి. ‘మజై సూదీతి’ అంటే ఒకటి రెండు రోజులే ఊరినవి, ఆకుపచ్చగా, కరకరలాడుతూ ఉంటాయి. ‘రౌగింతి’ వారాల తరబడి పులిసినవి, మెత్తటి పచ్చ రంగు, పుల్లన. వినెగర్ అసలు పడదు. లీటరు నీటికి 40–50 గ్రాముల ఉప్పు, సోయికూర పూగుత్తులు, వెల్లుల్లి, క్రియెనాస్ అనే ఘాటు దుంప ఆకులు, బ్లాక్‌కరెంట్ ఆకులు, ఓక్ ఆకులు. ఆ ఆకుల వగరే కాయని మెత్తబడకుండా కాపాడుతుంది. పువ్వు రాలిన కొస కోసెయ్యకపోయినా, కాయలు ఉప్పునీటి పైకి తేలినా, గది మరీ వెచ్చగా ఉన్నా జావగారిపోతాయి. మన ఊరగాయలో నూనె చేసే పనిని ఇక్కడ ఉప్పునీరే చేస్తుంది, కాబట్టి మునిగి ఉండడమే ముఖ్యం. తాజా దోసకాయని నిలువునా చీల్చి తేనె అద్దుకుని తినడం వాళ్ల అలవాటు. నమ్మకం కలగకపోతే ఒక్క ముక్క రుచి చూడండి. ఊరినవి విమానంలో తేవాలంటే చెక్-ఇన్ సామానులోనే పెట్టాలి, నీళ్లున్న జాడీని చేతి సంచిలో రానివ్వరు.

బస విషయానికొస్తే పాతబస్తీలో పాత ఇళ్లను మార్చిన చిన్న హోటళ్లకే మా ఓటు. పొద్దున జనం లేని సంత మైదానం, సాయంత్రం నది గట్టు దక్కుతాయి. నిటారు మెట్లు, లిఫ్టు లేకపోవడం వాటికుండే లోటు, బుక్ చేసేటప్పుడే కింది అంతస్తు గది అడగండి. వంటిల్లు ఉన్న అపార్టుమెంటు దొరికితే కుటుంబాలకు అదే మేలు, రాత్రి భోజనశాలలు తొందరగా కట్టేస్తారు. కొత్త నివాస కాలనీల్లో గదులు చవకే, కానీ నడక పెరుగుతుంది. కౌనస్‌లో చదువుకునే విద్యార్థులకు మాత్రం పొద్దున మొదటి బస్సుకి వచ్చి చివరి బస్సుకి వెళ్లడం కుదురుతుంది. చివరి బస్సు వేళ దిగగానే చూసుకోండి.

రెండో రోజు కారుంటే ఉత్తరాన షెతేనియై వెళ్లండి, పది పన్నెండు కిలోమీటర్లు. 1980లో నోబెల్ అందుకున్న కవి చెస్వావ్ మీవోష్ 1911 జూన్ 30న పుట్టిన ఊరు. పుట్టిన ఇల్లు లేదు. బాగుచేసిన ధాన్యపు కొట్టు, చెట్లు, కింద నెవేజిస్ నది వంపు ఉన్నాయి. ఆయన 1992లో మళ్లీ ఇక్కడికి వచ్చి చూశాడు. ఇంకా ముందుకు పోతే పబెర్జే. రష్యా పాలన మీద 1863లో జరిగిన తిరుగుబాటులో జనాన్ని కూడగట్టిన పాదిరి అంతానాస్ మత్స్కెవిచియుస్ పనిచేసిన చోటు, ఆయన్ని అదే డిసెంబరులో కౌనస్‌లో ఉరితీశారు. పాత జమీందారు భవనంలో ఆ తిరుగుబాటు మ్యూజియం, చెక్క చర్చి ఉన్నాయి. రెండు చోట్లకీ బస్సుల మీద ఆధారపడలేం. రెండూ కలిపి అర పూట, పబెర్జే మ్యూజియం వేళలు ముందే చూసుకుంటే చాలు.